యంత్రభాగముల పేర్లు: పలుకవలసిన తీరు, అడుగవలసిన తీరు

నాట్లు ముమ్మరముగా సాగుచున్న దినములలో పంపుసెట్టు బెల్టు తెగినదనుకొనుడు. మడిలో నీరు ఇంకిపోవుచున్నది, కూలీలు గట్టుమీద కూర్చున్నారు. ఇంటి కుఱ్ఱవానిని పిలిచి "బి బెల్టు ఒకటి తీసుకురా" అని పట్టణమునకు పంపుదుము. అతడు దుకాణములో "వి బెల్టు కావాలండీ" అనును. దుకాణదారుడు "ఏ సైజు?" అని అడుగును. కుఱ్ఱవాడు చేతితో చూపును. దుకాణదారుడు ఏదో ఒకటి ఇచ్చును. ఇంటికి తెచ్చి వేసిన తరువాత ఆ బెల్టు కప్పీ గాడిలో అడుగునకు దిగిపోవును, జారును, కాలిన వాసన వచ్చును. మరల పట్టణమునకు పోవలెను. మడికి ఒక తడి తప్పినట్లే.

ఇందులో దుకాణదారుని మోసము లేదు, కుఱ్ఱవాని అశ్రద్ధయు లేదు. "వి" అనునది బెల్టు ఆకారమును తెలుపు మాట. "బి" అనునది బెల్టు పరిమాణమును తెలుపు మాట. రెండును నోటిలో ఒక్కటిగా కలిసిపోవుటవలన ఈ నష్టము కలిగినది. ఇట్టి మాటలు మన పంపుసెట్లు, ట్రాక్టర్లు, రోటవేటర్లు, నూర్పిడి యంత్రముల విషయములో ఇంకను పెక్కు కలవు. వానిలో ముఖ్యమైన కొన్నిటిని రైతు సోదరుల దృష్టికి తెచ్చుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

వెనుకటి పేర్లు, నేటి పేర్లు

మన పెద్దలకు పనిముట్ల పేర్లతో ఇట్టి చిక్కు ఉండెడిది కాదు. నాగలికి మేడి, నొగ, కర్రు. బండికి ఇరుసు, కుండ, ఆకులు, పూటీలు, కడచీల. "కడచీల పోయింది" అని రైతు చెప్పినచో ఊరి కమ్మరి సరిగా దానినే చేసి ఇచ్చెడివాడు. పేరు చెప్పినవాడును, వస్తువు చేసినవాడును ఒకే ఊరివారు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వారు భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశము మొదటి సంపుటమును వ్యవసాయ పదములతో ప్రచురించిరి. ఒకే పనిముట్టునకు ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క పేరుండుట ఆ గ్రంథమున చూడవచ్చును. పేర్లు వేరైనను పని ఊరు దాటి పోదు గనుక ఎవరికిని ఇబ్బంది కలుగలేదు.

నేడు అట్లు కాదు. ట్రాక్టరు భాగము ఎక్కడనో కర్మాగారములో తయారగును. పట్టణమునందలి దుకాణమునకు వచ్చును. రైతు మెకానిక్కునకు చెప్పిన మాటను, మెకానిక్కు ఫోనులో దుకాణమునకు చెప్పును. ఒక్క పేరు మూడు నాలుగు నోళ్ళు దాటవలసి యున్నది. దారిలో మాట మారినచో వస్తువే మారిపోవును.

అన్ని మార్పులును తప్పులు కావు

ఇంగ్లీషు మాటను ఇంగ్లీషు దొరవలె పలుకనక్కరలేదు. తెలుగు మాట అచ్చుతో ముగియుట మన భాష స్వభావము. కనుకనే నట్టు, బోల్టు, గేరు, బేరింగు, పిస్టను అందుము. ఈ మాటలకు ఏ దుకాణములోనైనను సరియైన వస్తువే దొరకును. షాఫ్టును "సాఫ్టు" అన్నను, కప్లింగును "కపిలింగు" అన్నను, వాషరును "వాచరు" అన్నను నష్టము లేదు. తెలంగాణ ప్రాంతమున స్పానరును "పానా" అందురు. అదియు చక్కని మాటయే.

పైగా ఇంగ్లీషు వ్రాతను చూచి చదివినను సరియైన పలుకు రాదు. లోహపు తునకలను సీసము, తగరములతో అతికించు పనిని బ్రిటనులో "సోల్డరింగు" అందురు; అమెరికాలో అదే మాటను నడుమ "ల" లేకుండ పలుకుదురు. మర బిగించు బలమును తెలుపు మాటను వ్రాతలో చూచినచో "టార్క్యూ" అని చదువ బుద్ధి పుట్టును. దానిని "టార్క్" అనియే పలుకవలెను. లేతు మిషను పేరులో చివరి అక్షరమును ఇంగ్లీషువారు "ద" కు దగ్గరగా పలుకుదురు; మన కార్ఖానాలలో అందరును "లేతు" అందురు; అందరికిని అర్థమగును. కావున పలుకు సరిగా రాదేమో అను సంకోచముతో దుకాణములో అడుగక ఊరకుండుట తగదు.

జాగ్రత్త పడవలసినవి రెండే సందర్భములు. మొదటిది, ఒక వస్తువు పేరు నోటిలో మారి మరియొక వస్తువు పేరగుట. రెండవది, పేరుతో పాటు చెప్పవలసిన అక్షరములు, సంఖ్యలు మారుట.

ఒక పేరు మరియొక వస్తువగుట

ఫుట్ వాల్వు: బావిలో పీల్చు గొట్టము అడుగున ఉండు కవాటము. పంపు ఆగినపుడు గొట్టములోని నీరు బావిలోనికి జారిపోకుండ ఇది ఆపును. దీనిని "ఫుట్ బాలు" అనువారు కలరు. పంపు దుకాణములో ఈ మాటకు అర్థము తెలియును గాని, చీటీ మీద అట్లు వ్రాసి పంపినచో కొత్తవాడు తికమక పడును. "వాల్వు" అని "వ" స్పష్టముగా పలుకవలెను.

గేజి: కొలత చూపు సాధనము. వ్రాతను బట్టి "గాజ్" అనువారు కలరు. తెలుగులో గాజు వేరు. కొన్ని యంత్రములకు నూనె మట్టము చూచుటకు నిజముగానే చిన్న గాజు అద్దము ఉండును. "ఆయిలు గాజు పోయింది" అనినచో అద్దము పగిలినదో, పీడనము చూపు గేజి చెడినదో ఎదుటివానికి తెలియదు. కొలత చూపు దానిని "గేజి" అనియే అనవలెను.

ట్యాపు: ఇంటిలో కుళాయి. కార్ఖానాలో ఇది రంధ్రము లోపల మరలు కోయు పనిముట్టు. కడ్డీ బయట మరలు కోయుదానిని "డై" అందురు. "అరంగుళం ట్యాపు" అని హార్డ్‌వేరు దుకాణములో అడిగినచో కుళాయియే చేతికి వచ్చును. "మరలు కోసే ట్యాపు" అని చెప్పవలెను.

బోరు: మనకు బోరు అనగా నీటి బావి. ఇంజను పనివారికి బోరు అనగా సిలిండరు లోపలి రంధ్రము, దాని వ్యాసము. "బోరు చేయించాలి" అని మెకానిక్కు చెప్పినచో, అరిగిన సిలిండరును లోపల కొంచెము పెద్దదిగా చెక్కించి దానికి తగిన పెద్ద పిస్టను వేయవలెనని అర్థము.

కీ: తాళపుచెవి యని మాత్రమే కాదు. కప్పీగాని గేరుగాని షాఫ్టుమీద తిరిగిపోకుండ గాడిలో దిగగొట్టు చిన్న ఇనుప ముక్కను గూడ "కీ" అందురు. ఫోనులో అడుగునపుడు "కప్పీ కీ" అనియో, "షాఫ్టు కీ" అనియో కలిపి చెప్పవలెను.

క్రాంకు షాఫ్టు, కామ్ షాఫ్టు: మొదటిది పిస్టను కదలికను తిరుగుడుగా మార్చును. రెండవది వాల్వులను తెరచి మూయును. త్వరగా పలికినచో రెండును ఒకటిగా వినబడును. "క్రాంకు" లోని "ర" ను, "కామ్" లోని దీర్ఘమును విడిగా పలుకవలెను.

ఓవర్ సైజు, అండర్ సైజు: సిలిండరును చెక్కించిన తరువాత దానికి పెద్ద పిస్టను కావలెను, ఇది ఓవర్ సైజు. క్రాంకు షాఫ్టును సానపట్టించిన తరువాత అది సన్నబడును. దానికి తగిన బేరింగు తొడుగులు అండర్ సైజు. పిస్టనునకు ఓవర్, క్రాంకు బేరింగునకు అండర్ అని గుర్తుంచుకొనవలెను. పెద్దదెంత యనునది కొందరు మిల్లీమీటర్లలోను, కొందరు "థౌ" లలోను చెప్పుదురు. థౌ అనగా అంగుళములో వెయ్యవ వంతు. 10 థౌ లు సుమారు 0.25 మి.మీ., 20 థౌ లు సుమారు 0.50 మి.మీ. ఒట్టి "పది" అని చెప్పక, పది ఏమిటో చెప్పవలెను.

ప్రాణమునకు ముప్పు తెచ్చు మాట

పై వానిలో మాట మారినచో ధనమును కాలమును నష్టమగును. ఈ క్రింది దానిలో మాట మారినచో యంత్రము పగులవచ్చును, మనిషికి దెబ్బ తగులవచ్చును.

"షేర్" అనగా నాగలి కర్రు. "షియర్" అనగా కత్తిరించుట. కొన్ని యంత్రములలో, ట్రాక్టరు నుండి శక్తిని తెచ్చు షాఫ్టు దగ్గర, షియర్ పిన్ను గాని షియర్ బోల్టు గాని ఉండును. రోటవేటరు రాతికి గాని మోడునకు గాని తగిలి హఠాత్తుగా బిగుసుకొన్నపుడు ఈ చిన్న బోల్టు తెగిపోవును. అది తెగుటకే పెట్టిన బోల్టు. అది తెగుటవలన ఖరీదైన గేరుపెట్టె దక్కును.

ఈ సంగతి తెలియక "షేరు బోల్టు" అని అడిగినచో కర్రు బిగించు గట్టి బోల్టు ఇచ్చెదరు. "మాటిమాటికి తెగుతోంది, గట్టిది ఇవ్వండి" అనినచో ఇంకను గట్టిది ఇచ్చెదరు. అటుపిమ్మట రాయి తగిలినపుడు బోల్టు తెగదు; గేరు పళ్ళు విరుగును, లేదా షాఫ్టు మెలితిరిగి విరుగును. శక్తి తెచ్చు ఈ షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. అట్టిది విరిగి ఊడినచో దగ్గరనున్నవాని గతి ఊహింపవచ్చును. కావున "తెగే బోల్టు, షియర్ బోల్టు" అని రెండు మాటలును కలిపి అడుగవలెను. యంత్రము పుస్తకములో చెప్పిన పరిమాణము, చెప్పిన గట్టిదనము గలదానినే వేయవలెను. మాటిమాటికి తెగుచున్నచో గట్టి బోల్టు వేయక, తెగుటకు కారణము వెదకవలెను.

బోల్టు గట్టిదనమును దాని తలపై చెక్కిన సంఖ్య తెలుపును. 8.8 అనియు, 10.9 అనియు ఉండును. దీనిని "ఎనిమిది పాయింటు ఎనిమిది" అని చదువవలెను, "ఎనభై ఎనిమిది" అని కాదు. మొదటి సంఖ్య పెద్దదైన కొలది బోల్టు తెగుటకు ఎక్కువ బలము కావలెను.

అక్షరములు చెప్పు తీరు

పొలములో నిలుచుండి ఫోనులో మాటలాడునపుడు బి, డి, పి, టి, వి, సి, ఈ అను ఇంగ్లీషు అక్షరములన్నియు ఒకే తీరున వినబడును. ఎం, ఎన్ లును అంతే. ఇందుకు సులభమైన ఉపాయము కలదు. అక్షరముతో పాటు మనకు తెలిసిన ఒక తెలుగు మాట చెప్పవలెను. ఏ - ఏతము, బి - బిందె, సి - సీతాఫలము, డి - డిబ్బీ, పి - పిండి, టి - టిక్కెట్టు, వి - విత్తనము, ఎం - మామిడి, ఎన్ - నాగలి. "బిందె బి, యాభై రెండు" అనినచో వినువానికి సందేహముండదు.

బెల్టు విషయమే చూతము. వి ఆకారపు బెల్టులలో ఏ, బి, సి అను తరగతులు మనకు ఎక్కువగా కావలసి వచ్చును. పైభాగమున వెడల్పు ఏ తరగతికి 13 మి.మీ., బి తరగతికి 17 మి.మీ., సి తరగతికి 22 మి.మీ. బెల్టుపై "బి 52" అని ఉన్నచో అది బి తరగతి, లోపలి పొడవు 52 అంగుళములు. వి బెల్టు గాడి యొక్క రెండు ప్రక్కలను పట్టుకొని లాగును, అడుగును తాకరాదు. బి గాడిలో ఏ బెల్టు వేసినచో అది అడుగునకు దిగి పట్టు తప్పును. కప్పీకి రెండు మూడు గాడులున్నచో ఒక్క బెల్టు తెగినను అన్నిటిని ఒకేసారి మార్చుట మంచిది. పాతది సాగి యుండును గనుక బరువంతయు కొత్తదానిపై పడును.

రోటవేటరు బ్లేళ్ళ విషయములో "ఎల్" అను అక్షరమునకు రెండు అర్థములు కలవు. "ఎల్ బ్లేడు" అనగా వంపు ఆకారమును బట్టి వచ్చిన పేరు. "ఎల్.హెచ్." అనగా ఎడమచేతి వైపుది. ఎడమ, కుడి బ్లేళ్ళు తారుమారైనచో బ్లేడు అంచు గాక వీపు నేలను తాకును. ట్రాక్టరునకు బరువు పెరిగి దుక్కి సరిగా రాదు. కావున "ఎడమ బ్లేళ్ళు ఇన్ని, కుడి బ్లేళ్ళు ఇన్ని" అని తెలుగుననే చెప్పవలెను. ట్రాక్టరు సీటులో ముందుకు చూచుచు కూర్చున్నవాని ఎడమయే ఎడమ, కుడియే కుడి.

సంఖ్యలు చెప్పు తీరు

ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ. థర్టీన్, థర్టీ ఒకటిగా వినబడును. తెలుగులో ఇరవై, అరవై అట్టివే. అందుచేత భాగము సంఖ్యను ఒక్కొక్క అంకెగా చెప్పుట అన్నిటికంటె క్షేమము.

గుండ్ల బేరింగు: దీని అంచుమీద సంఖ్య చెక్కి యుండును. 6205 అని ఉన్నచో "ఆరు, రెండు, సున్నా, ఐదు" అని చెప్పవలెను. చివరి రెండంకెలను 5 చేత హెచ్చించినచో లోపలి రంధ్రము మిల్లీమీటర్లలో వచ్చును. 05 కు 25 మి.మీ., 06 కు 30 మి.మీ. ఈ లెక్క 04 మొదలు పైవానికి సరిపోవును. 6205 బేరింగు వెలుపలి వ్యాసము 52 మి.మీ., మందము 15 మి.మీ. 6305 కు గూడ లోపలి రంధ్రము 25 మి.మీ. యే, కాని వెలుపల 62 మి.మీ., మందము 17 మి.మీ. షాఫ్టునకు సరిగా దిగినది గదా యని కొని తెచ్చినను గూటిలో పట్టదు. సంఖ్య వెనుక అక్షరములున్నచో వానిని గూడ చెప్పవలెను. "జడ్ జడ్" అనగా రెండు ప్రక్కల రేకు మూత. "టూ ఆర్ ఎస్" అనగా రెండు ప్రక్కల రబ్బరు మూత. దుమ్ము, బురద తగులుచోట మూత లేని బేరింగు వేసినచో త్వరగా చెడును.

ఆయిల్ సీలు: మూడు సంఖ్యలు ఉండును. లోపలి వ్యాసము, వెలుపలి వ్యాసము, మందము అను వరుసలో చదువవలెను. వరుస తప్పరాదు.

బోల్టు: ఇక్కడ పొరపాటు మిక్కుటము. మెకానిక్కు "13 బోల్టు" అనును. అది 13 నంబరు స్పానరు పట్టు బోల్టు అని అర్థము. బోల్టు కాడ వ్యాసము 8 మి.మీ. మాత్రమే. అట్లే 10 నంబరు స్పానరు పట్టునది 6 మి.మీ. బోల్టు. "10 బోల్టు" అనినచో స్పానరు 10 అనుకొని దుకాణదారుడు 6 మి.మీ. ది ఇచ్చునా, కాడ 10 అనుకొని పెద్దది ఇచ్చునా యనునది వాని యిష్టమగును. "కాడ పది మిల్లీమీటర్లు, పొడవు నలభై" అని చెప్పవలెను. పాత విట్‌వర్త్ స్పానర్లమీద గుర్తు వేరు తీరున ఉండును. అందు తల కొలత గాక బోల్టు కాడ కొలత వేసి యుందురు.

గేజి సంఖ్య: తీగకు, రేకునకు గేజి సంఖ్య పెరిగిన కొలది మందము తగ్గును. 8 గేజి తీగ సుమారు 4 మి.మీ., 10 గేజి సుమారు 3.25 మి.మీ., 12 గేజి సుమారు 2.6 మి.మీ. "ఇంకా పెద్ద నంబరు ఇవ్వండి" అనినచో ఇంకను సన్ననిది వచ్చును. "ఇంకా లావుది" అని అడుగవలెను.

అంగుళము, నూలు, మిల్లీమీటరు

మన వడ్రంగులు, ఇనుప పనివారు అంగుళములో ఎనిమిదవ వంతును "నూలు" అందురు. "సూత్" అనుటయు కలదు. నాలుగు నూళ్ళు అనగా అరంగుళము, సుమారు 12.7 మి.మీ. ఈ లెక్క ఇనుప చువ్వలకు చాలును. మరలు గల బోల్టులకు చాలదు. ఎందుకనగా కాడ లావు ఒకటే అయినను మరలు వేరు కావచ్చును.

దీనికి చరిత్ర కలదు. 1841లో బ్రిటనులో జోసెఫ్ విట్‌వర్త్ అను ఇంజనీరు బోల్టు మరలకు ఒక పద్ధతిని ప్రతిపాదించెను. అందు మర కోణము 55 డిగ్రీలు. అమెరికాలో 60 డిగ్రీల పద్ధతి ఏర్పడినది. ఈ భేదమువలన కలిగిన ఇబ్బందులను గమనించి 1948లో అమెరికా, బ్రిటను, కెనడా దేశములు 60 డిగ్రీల ఉమ్మడి పద్ధతికి ఒప్పుకొనినవి. మన దేశములో 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, 1958 అక్టోబరు నుండి మెట్రిక్ కొలతలు క్రమముగా అమలులోనికి వచ్చినవి. అందుచేత ఒకే ఇంటిలో లిస్టరు తరహా పాత ఆయిలింజను అంగుళముల మరలతోను, కొత్త ట్రాక్టరు మిల్లీమీటర్ల మరలతోను ఉండవచ్చును.

అరంగుళము విట్‌వర్త్ బోల్టునకు అంగుళమునకు 12 మరలు. అరంగుళము అమెరికా తరహా ముతక మరకు 13. ఒకదాని నట్టు మరియొకదానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకొనును. "కొత్తది గదా, బిగువుగా ఉంది" అని పానాతో బలవంతముగా త్రిప్పినచో మరలు చెడును. బోల్టు చెడినచో కొన్ని రూపాయలతో పోవును. ఇంజను దిమ్మెలోని మరలు చెడినచో కార్ఖానాకు పోవలసి వచ్చును. నట్టు వ్రేళ్ళతో నాలుగైదు చుట్లు సునాయాసముగా ఎక్కవలెను. ఎక్కనిచో అది దాని జత కాదు.

మిల్లీమీటర్ల మరలలోను భేదము కలదు. "ఎం 10 బై 1.5" అనగా కాడ 10 మి.మీ., ఒక మర నుండి తరువాతి మరకు దూరము 1.5 మి.మీ. "ఎం 10 బై 1.25" దానికంటె సన్నని మర. రెండు సంఖ్యలును చెప్పినగాని సరియైనది రాదు.

గొట్టముల మరలు వేరు లెక్క. అరంగుళము గొట్టము మర బయటి వ్యాసము సుమారు 21 మి.మీ. ఉండును, అరంగుళము లోపలి దారికి మాత్రమే పేరు. కనుక "అరంగుళం పైపు మర" అనియో, "అరంగుళం బోల్టు మర" అనియో తెలియజెప్పవలెను.

లేతు పనివానికి చెప్పు తీరు

లేతుమీద వస్తువు తిరుగును, కత్తి నిలిచి యుండును. అందుచేత గుండ్రని వస్తువుల పని అక్కడ జరుగును. వస్తువును పట్టుకొను భాగమును "చక్" అనియు, దాని దవడలను "జా" లనియు అందురు. షాఫ్టు బయటి భాగమును చెక్కుట "టర్నింగు". రంధ్రమును లోపల పెద్దది చేయుట "బోరింగు". చివరను చదును చేయుట "ఫేసింగు". మరలు కోయుట "త్రెడింగు".

ఈ పేర్లు నోటికి రానిచో విచారము లేదు. "బేరింగు కూర్చునే చోట షాఫ్టు అరిగింది, వెల్డింగుతో నింపి, కొత్త బేరింగుకు సరిపోయేలా చెక్కండి" అనినచో ఏ టర్నరునకైనను అర్థమగును. షాఫ్టుతో పాటు దానిమీద కూర్చుండు కొత్త బేరింగును గూడ తీసికొనిపోయి ఇవ్వవలెను. నోటితో చెప్పిన కొలత కంటె చేతికిచ్చిన వస్తువు నమ్మదగినది.

పట్టణమునకు పోవుటకు ముందు

1. పాత భాగము విరిగినను అరిగినను పారవేయక, తుడిచి వెంట తీసికొనిపోవలెను.

2. భాగముపై ఉన్న అక్షరములను, సంఖ్యలను ఉన్నవి ఉన్నట్లు చీటీపై వ్రాసికొనవలెను. అర్థము కానివానిని గూడ వదలరాదు.

3. యంత్రము పేరు, మోడలు, తయారైన సంవత్సరము, ఇంజను నంబరు అదే చీటీపై ఉండవలెను.

4. సెల్ ఫోనులో ఫోటో తీయునపుడు ప్రక్కన స్కేలు ఉంచి తీయవలెను. స్కేలు లేని ఫోటోలో చిన్న బేరింగును పెద్ద బేరింగును ఒకటిగానే కనబడును.

5. ఫోనులో చెప్పిన తరువాత ఎదుటివానిచే తిరిగి చెప్పించుకొనవలెను. ఆ తరువాతనే డబ్బు పంపవలెను.

6. తెచ్చిన భాగమును యంత్రమునకు బిగించుటకు ముందే పాతదాని ప్రక్కన ఉంచి సరిచూడవలెను. నూనె అంటిన వస్తువును దుకాణదారుడు తిరిగి తీసికొనక పోవచ్చును.

గ్రామములలో పనిచేయు ఉద్యోగులకు

గ్రామములో ఎన్ని పంపుసెట్లు, ఎన్ని ట్రాక్టర్లు ఉన్నవో మీకు తెలియును. వేసవిలో పని తక్కువగా ఉన్న దినములలో ఒక పూట రైతులను, డ్రైవర్లను, మెకానిక్కును ఒకచోట చేర్చి, పాత భాగములను బల్లపై పెట్టి, ఒక్కొక్కదాని పేరును అందరిచేతను పలికింపుడు. ఊరిలో వాడు పేరు, దుకాణములో వాడు పేరు, దానిపై ఉండు సంఖ్య మూడును ఒక పెద్ద కాగితముపై వ్రాసి అందరికిని కనబడుచోట అంటింపుడు. ఊరి పేరును కొట్టివేయనక్కరలేదు. ప్రక్కన దుకాణము పేరు ఉన్న చాలును. స్త్రీలను గూడ తప్పక పిలువవలెను. మగవారు పొలములో యంత్రము దగ్గర నిలిచియున్నపుడు దుకాణమునకు ఫోను చేయువారును, సామాను తెప్పించువారును పెక్కు ఇండ్లలో వారే.

యంత్రముల పని వివరముగా నేర్వదలచిన యువకులకు, యువతులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వమువారి వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, టర్నరు, డీజిలు మెకానిక్కు పనులు నేర్పుదురు. ఊరికి ఒక్కరు నేర్చి వచ్చినను ఆ ఊరి యంత్రములన్నిటికిని మేలు.

రైతు సోదరులు, సోదరీమణులు వచ్చే కారు పనులు మొదలు కాకముందే ఒక చిన్న పని చేసి యుంచుకొనవలెను. పంపుసెట్టు బెల్టు తరగతి, పొడవు. మోటారు బేరింగుల సంఖ్యలు. రోటవేటరు షియర్ బోల్టు కొలత, తలపై సంఖ్య. ఆయిల్ సీలు మూడు సంఖ్యలు. ఈ నాలుగును ఒక పుస్తకములో వ్రాసి, యంత్రము ఆగిపోయిన నాడు ఇంటిలో ఎవరికైనను దొరకుచోట ఉంచవలెను.